ఆరు సెంటీమీటర్ల దూరంలో ఆరుద్ర

జూన్ మూడో వారంలో మా అక్క విశాఖపట్నం నుంచి ఫోను చేసింది. "నిన్న జల్లు పడ్డాక ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లాంరా. ఆరుద్ర పురుగు కనిపించింది. ఒక్కటే. ఎన్నేళ్లయిందో దాన్ని చూసి!" అంది.

నాకు వెంటనే అగ్గిపెట్టె గుర్తొచ్చింది. చిన్నప్పుడు తొలకరి పడ్డ మర్నాడు బడికి వెళ్లే దారిలో, చేలగట్ల మీద ముఖమల్ గుడ్డను చిన్న చిన్న ముక్కలు చేసి వెదజల్లినట్టు ఉండేవి అవి. అక్క ముందు నడుస్తూ వెతికేది. నేను అగ్గిపెట్టెలో పచ్చగడ్డి పరిచి పట్టుకునేవాణ్ని. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మళ్లీ అదే గట్టు మీద వదిలేసేవాళ్లం. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అనే సామెత మా ఊళ్లో ప్రతి రైతు నోటా వినిపించే రోజులవి. సంస్కృత కవులు దీన్నే ఇంద్రగోపం అన్నారు. అన్నిసార్లు చేతిలో పట్టుకున్నా దాని ముఖం ఎలా ఉంటుందో మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. కంటికి ఆనేంత పెద్దది కాదు ఆ ముఖం.

ఇప్పుడు చూడగలను. అందుకు కావలసిన సాధనాన్ని నా చేతులతోనే తయారు చేసుకున్నాను. నాలుగు రోజులు సెలవు పెట్టి బయలుదేరాను.

మొదటి రోజు: రైల్లోనూ కంచరపాలెంలోనూ

విజయవాడలో తెల్లవారుతూనే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వెళ్తున్నప్పుడు తప్ప కిటికీలోంచి పెద్దగా చూసింది లేదు. ఒళ్లో ఉన్న సంచి మీదే ధ్యాస అంతా.

ఆ సంచిలో ఏముందో ఇక్కడే చెప్పేస్తాను. పాత డిజిటల్ కెమెరా ఒకటి, అదీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మా నాన్నగారి ఫిల్ము కెమెరాకు ఉండే నికాన్ 50 మి.మీ. లెన్సు. పదిహేను సెంటీమీటర్ల పొడవున్న రెండంగుళాల పీవీసీ పైపు ముక్క. ఒక ఫ్లాష్. ఐస్‌క్రీం డబ్బా, బటర్ పేపరు, వంటింటి అల్యూమినియం రేకు. మర కడ్డీ బిగించిన చిన్న బల్ల. ఇంతే. పురుగుల ఫొటోల కోసం కంపెనీలు అమ్మే ప్రత్యేక లెన్సుల్లో చాలావాటికి పురుగును ఉన్నదున్నంత సైజులో సెన్సరు మీద, అంటే కెమెరా లోపల ఫిల్ముకు బదులుండే పలక మీద, పడేయడమే ఆఖరి మెట్టు. నాకు అంతకు నాలుగు రెట్లు కావాలి.

కిటుకు లెన్సును తిరగేయడంలో ఉంది. లెన్సు మామూలుగా దూరంలో ఉన్న పెద్దదాన్ని లోపల ఉన్న చిన్న సెన్సరు మీదికి కుదించి తెస్తుంది. దాన్ని వెనక్కి తిప్పి బిగిస్తే పని కూడా తిరగబడుతుంది, చిన్నది పెద్దదవుతుంది. 50 మి.మీ. లెన్సును తిరగేసి నేరుగా కెమెరాకు తగిలిస్తేనే దాదాపు ఉన్నంత సైజు వస్తుంది. ఆ పైన లెన్సును ప్రతి 50 మి.మీ. ముందుకు జరిపినప్పుడల్లా ఇంకో రెట్టు పెరుగుతుంది. కెమెరాకూ లెన్సుకూ మధ్య 150 మి.మీ. పైపు పెడితే నాలుగు రెట్లు. నా కెమెరా సెన్సరు వెడల్పు 22 మి.మీ. కాబట్టి ఫ్రేములో ఈ చివర నుంచి ఆ చివరకు పట్టేది ఐదున్నర మిల్లీమీటర్లు. ఒక్క కందిగింజ పెడితే నిండిపోతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. నాన్నగారిదాని లాంటి ఫిల్ము కెమెరాల్లో లెన్సు వెనకాల, మనం కన్ను పెట్టి చూసే చోటికి బొమ్మను పంపే అద్దం పైకి లేవడానికి చోటు వదిలేవారు. నికాన్‌లో ఆ దూరం 46.5 మి.మీ. లెన్సును తిరగేసినప్పుడు ఆ చోటే మనకు ముందువైపు మిగులుతుంది. నాలుగు రెట్ల దగ్గర లెన్సు అంచుకూ పురుగుకూ మధ్య దాదాపు ఆరు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ సందులోంచే వెలుతురు లోపలికి వెళ్లాలి. ఫోకస్ తిప్పడానికి ఏమీ ఉండదు. కెమెరాతో సహా మనిషే ముందుకూ వెనక్కూ ఊగాలి. ఆరు సెంటీమీటర్లకు మనం వెళ్తేనే పురుగు కనబడుతుంది, లేకపోతే అంతా పొగమంచే.

మధ్యాహ్నానికి విశాఖలో దిగాను. కంచరపాలెంలో అక్క వాళ్ల ఇంటికి చేరి సంచి విప్పగానే గుండె జారిపోయింది. పైపుకూ కెమెరా మూతకూ మధ్య జిగురు పెట్టిన అతుకు ఊడి, రెండూ విడివిడిగా ఉన్నాయి. మూత మధ్యలో కన్నం చేసి పైపు అంటించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

బావగారు ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అతుకును వెలుగులో పెట్టి చూసి, "ఏమయ్యా, ప్లాస్టిక్కును ఉప్పుకాగితంతో రుద్దావా?" అన్నారు.

"లేదండి."

"అదీ సంగతి. నున్నటిదాని మీద జిగురు నిలవదు. గరుకు చేస్తే పళ్లు దొరుకుతాయి దానికి."

సాయంత్రం ఆయనతో కలిసి హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి ఉప్పుకాగితం, జిగురు, మూడు చిన్న స్క్రూలు తెచ్చాం. బావగారు అంచుల్ని రుద్ది, జిగురు పెట్టి, మూడు వైపుల నుంచి స్క్రూలు దించారు. ఆ చేతుల పనితనం చూడాలి. పావు అంగుళం స్క్రూను బిగిస్తూ, ఏ చుట్టు దగ్గర ఆగకపోతే ప్లాస్టిక్కు పగులుతుందో ఆయన వేళ్లకు తెలుసు. పైపు లోపల నేను అతికించిన నల్ల ముఖమల్ గుడ్డ ఒకచోట లేచి ఉంటే దాన్నీ సరిచేశారు. అది లేకపోతే తెల్లటి పైపు గోడల మీద వెలుతురు పడి చెదిరి, ఫొటో అంతా పాలు కలిపినట్టు వస్తుంది. రాత్రంతా అతుకును ఆరనిచ్చాం.

రెండో రోజు: కంబాలకొండ

పొద్దున్నే మేనకోడలు తయారైపోయింది. డిగ్రీ రెండో సంవత్సరం. "మామయ్యా, ఫ్లాష్ నేను పట్టుకుంటా, నువ్వు పురుగును చూసుకో" అంది. ఆ పని ఎంత అవసరమైనదో అప్పటికి ఆ పిల్లకు తెలియదు.

కంబాలకొండ అభయారణ్యం ఊరికి దూరంగా ఎక్కడో లేదు. హనుమంతవాక దాటి హైవే మీద జంతుప్రదర్శనశాల ఉన్న చోటికి వెళ్తే రోడ్డుకు ఇవతలి పక్క అదే. చుట్టూ నగరం పెరిగిపోయినా దాదాపు డెబ్బై చదరపు కిలోమీటర్ల అడవి ఇంకా ఊపిరి పీలుస్తూ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఇక్కడ చెట్లు కుప్పకూలాయి. నేను ఆ మరుసటి ఏడాది వచ్చినప్పుడు కొండ బోడిగా కనిపించింది. ఇప్పుడు దారికి ఇరువైపులా పచ్చదనం కమ్ముకుని ఉంది. చూడగానే మనసు కుదుటపడింది.

టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లి అర కిలోమీటరు నడిచామో లేదో, దారి పక్క కొమ్మకు బంతిలా వేలాడుతున్న ఆకుల గూడు కనిపించింది. ఎర్ర చీమలు కట్టే గూడు అది. పచ్చి ఆకుల అంచుల్ని వరసగా నిలబడి నోళ్లతో పట్టి లాగుతాయి. ఆకు అందకపోతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడతాయి. అంచులు కలిశాక వాటి పిల్లపురుగుల్ని నోట కరచుకుని వచ్చి, ఆ పిల్లల నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకుల్ని కుడతాయి. మగ్గంలో కండె అటూ ఇటూ తిరిగినట్టు ఆ పిల్ల ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరుగుతుంది.

అభయారణ్యంలో కొమ్మ విరవకూడదు, ఆకు తుంచకూడదు. విరవనక్కర్లేదు కూడా. ఎడమ చేత్తో కొమ్మను మెల్లగా పట్టుకుని, అదే చేతి బొటనవేలి మీద లెన్సును ఆనిస్తే కొమ్మ ఊగినా లెన్సు దానితోపాటే ఊగుతుంది. దూరం మారదు. పురుగుల ఫొటోలు తీసేవాళ్లు చాలామంది ఏదో ఒకనాటికి ఈ పద్ధతికే వస్తారు. స్టాండు మీద కెమెరా పెట్టి బతికి ఉన్న చీమను పట్టుకోవడం అయ్యే పని కాదు.

కష్టం ఎక్కడుందంటే, నాలుగు రెట్ల దగ్గర ఫోకస్‌లో నిలిచే మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. చీమ కన్ను స్పష్టంగా ఉంటే మీసాల కొసలు కరిగిపోతాయి. లెన్సు కన్నాన్ని బాగా మూస్తే మందం పెరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ గొట్టం పొడుగైనకొద్దీ అసలు కన్నం ఇంకా చిన్నదైనట్టు పనిచేస్తుంది. లెన్సు మీద కన్నం సైజు చెప్పే అంకెలుంటాయి, అంకె పెద్దదైతే కన్నం చిన్నదని అర్థం. అక్కడ 8 అని ఉంటే నాలుగు రెట్ల దగ్గర అది 40తో సమానం. అంత ఇరుకు సందులోంచి వచ్చిన కాంతి అలలు విచ్చుకుని, బొమ్మ అంతా మెత్తబడిపోతుంది. నేను 5.6 దాటను. దానికి తోడు, సెన్సరుకు చేరే వెలుతురు మామూలుగా చేరేదానిలో ఇరవై అయిదో వంతే. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా చాలదు, ఫ్లాష్ తప్పదు.

ఫ్లాష్‌ను ఉన్నదున్నట్టు కొడితే చీమ ఒంటి మీద కత్తిమొనల్లా తెల్లటి మెరుపులు పడతాయి. చీమ ఒళ్లు నున్నటి పెంకు కదా. అందుకే ఐస్‌క్రీం డబ్బా. లోపల రేకు అతికించి, మూతి మీద రెండు పొరల బటర్ పేపరు కట్టి, ఆరు సెంటీమీటర్ల సందును పైనుంచి కప్పేలా కోశాను. అప్పుడు వెలుతురు మబ్బు పట్టిన ఆకాశం నుంచి వచ్చినట్టు అన్ని పక్కల నుంచీ మెత్తగా దిగుతుంది. నా అనుభవంలో మంచి ఫొటోకు, చెడ్డ ఫొటోకు తేడా లెన్సులో కన్నా ఈ రెండు పొరల కాగితంలోనే ఎక్కువ. లెన్సుల ధరల గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు కూడా దీన్ని గురించి ఒక్క ముక్క చెప్పరు.

మేనకోడలు డబ్బా పట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టి ముందుకు వంగాను. ఊపిరి తగిలితే చాలు, చీమలు పొట్టలు పైకెత్తి నోళ్లు తెరిచి నిలబడతాయి. మొదటి పావుగంటలో చేతి మీద నాలుగు కాట్లు పడ్డాయి.

అరగంట గడిచాక ఒక చీమ నడక నాకు తేడాగా అనిపించింది. మిగతావి వరసలో పరుగెడుతున్నాయి. ఇది ఆకు అంచున ఒంటరిగా ఆగి ఆగి నడుస్తోంది. ఫ్రేములోకి తెచ్చుకున్నాను. ముందు అంతా మసక. ఒక వెంట్రుకవాసి ముందుకు జరిగాను. పసుపు, ఎరుపు కలిసిన ఒళ్లు, సన్నటి నడుము, అన్నీ చీమవే. ఇంకో వెంట్రుకవాసి జరిగేసరికి ముఖం తేలింది. రెండు పెద్ద గుండ్రటి కళ్లు నేరుగా నా వైపే చూస్తున్నాయి. వాటిలో ఐస్‌క్రీం డబ్బా తెల్లటి చతురస్రంలా మెరుస్తోంది. చీమకు అలాంటి కళ్లు ఉండవు.

"కాళ్లు లెక్కపెట్టు" అన్నాను మేనకోడలితో, కదలకుండా.

"ఎనిమిది, మామయ్యా! ముందువి రెండూ పైకెత్తి మీసాల్లా ఊపుతోంది!"

గెంతే సాలీళ్లలో ఒక జాతి అది. ఈ ఎర్ర చీమల్ని చాలా పక్షులూ పురుగులూ ముట్టవు కాబట్టి వాటి వేషం వేసుకుని వాటి పక్కనే బతుకుతుంది. మగదానికి దవడలు ముందుకు పొడుచుకు వచ్చి, కొసన ఉబ్బి ఉంటాయి. చూడ్డానికి ఒక చీమ ఇంకో చీమను నోట కరచుకుని వెళ్తున్నట్టే ఉంటుంది. మాకు దొరికింది ఆడది. పన్నెండు ఫ్రేములు తీసేలోగా అది దారం వదిలి ఆకు కిందికి జారిపోయింది. ఆ పన్నెండింటిలో ఒక్క దాంట్లో రెండు కళ్లూ పూర్తిగా ఫోకస్‌లో ఉన్నాయి. మధ్యాహ్నం దాకా తీసిన మూడు వందల పైచిలుకు ఫొటోల్లో నేను దాచుకునేవి పదకొండు.

రాత్రి వేరే పని పెట్టుకున్నాం. అక్క వాళ్ల వరండా లైటు కింద చచ్చి పడి ఉన్న రెక్కల పురుగు ఒకటి దొరికింది. కదలనిది కాబట్టి దాని తలను పొరలు పొరలుగా తీయొచ్చు. ఇందుకు నేను చేసుకున్న చిన్న బల్లలో ఉన్నది ఎం6 మర, అంటే ఆరు మి.మీ. లావు మర ఉన్న కడ్డీ. దాని మర అంతరం సరిగ్గా 1 మి.మీ. ఒక చుట్టు తిప్పితే కెమెరా మిల్లీమీటరు జరుగుతుంది. కడ్డీ చివర పాత సీడీ బిగించి, దాని మీద ఇరవై గీతలు గీశాను. ఒక గీత తిప్పితే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అరవై గీతలు తిప్పి అరవై ఫొటోలు తీస్తే మూడు మిల్లీమీటర్ల లోతు మొత్తం వస్తుంది. తరవాత కంబైన్‌జెడ్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే ప్రతి ఫొటోలోనూ ఫోకస్‌లో ఉన్న భాగాన్నే ఏరి ఒకటిగా కలుపుతుంది.

అయితే కంచరపాలెంలో రైలు పట్టాలు దగ్గర. గూడ్సు వెళ్లిన ప్రతిసారీ ఇంటి నేల సన్నగా వణుకుతుంది. మామూలుగా ఎవరూ పట్టించుకోని వణుకు అది, నాలుగు రెట్ల దగ్గర మాత్రం భూకంపమే. పదిహేడో ఫొటో దగ్గర ఒకసారి, నలభై దగ్గర ఒకసారి చెడిపోయి మళ్లీ మొదలుపెట్టాం. చివరికి బావగారు బల్ల కాళ్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి పెట్టారు. పైగా గూడ్సు వెళ్లిపోయిన చప్పుడు విని "ఇప్పుడు తియ్యి" అనడం మొదలుపెట్టారు. రాత్రి పదకొండున్నరకు అరవై పూర్తయ్యాయి. కలిపిన బొమ్మలో ఆ పురుగు కన్ను తేనెపట్టులా ఆరు పలకల గళ్లతో నిండి ఉంది. తల మీది పొలుసులు ఇంటి పైకప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని అంచు మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. అక్క దాన్ని చాలాసేపు చూసి, పొద్దున ఊడ్చి పారేసేదాన్ని అంది.

మూడో రోజు: దిబ్బల మీద ఎండ

భీమిలి వెళ్లే బస్సు ఎక్కి సముద్రం పక్కనే వెళ్తుంటే ఒక విషయం మేనకోడలికి చెప్పాను. ఇప్పుడు మనం చేస్తున్న పనికి పెద్దదిక్కులాంటివాడు లేవెన్‌హుక్. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి. జీవితకాలం 1632 నుంచి 1723. గింజంత గాజు కటకాల్ని తానే తయారు చేసుకుని, చిన్న లోహపు రేకులో బిగించి, చూడాల్సినదాన్ని సూది మొన మీద పెట్టి మర తిప్పుతూ ఫోకస్‌లోకి తెచ్చుకునేవాడు. మన సీడీ గీతల పనే అది. నీటిబొట్టులోని సూక్ష్మజీవుల్ని మొదట చూసింది అలా ఇంట్లో చేసిన పరికరంతోనే. ఆయన అక్కడ కటకాలు అరగదీస్తున్న కాలంలోనే ఆయన దేశంవాళ్లు ఇక్కడ భీమునిపట్నంలో వ్యాపారం చేస్తున్నారు. వాళ్ల సమాధులు భీమిలిలో ఇప్పటికీ ఉన్నాయి.

"ఆయన భీమిలి వచ్చి ఉంటే ఆరుద్రను చూసేవాడేమో" అంది ఆ పిల్ల.

ఎర్రమట్టి దిబ్బలు రోడ్డు నుంచి చూస్తే తెలియవు. సరుగుడు, జీడిమామిడి చెట్ల మధ్య నాలుగడుగులు లోపలికి వేస్తే నేల ఒక్కసారిగా చీలి, నిలువెత్తు ఎర్రటి గోడల మధ్య సందుల్లోకి దింపుతుంది. వేల ఏళ్లపాటు గాలీ నీరూ కలిసి చేసిన పని. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. పిడికెడు ఇసుక కూడా ఇంటికి తీసుకెళ్లకూడదు. అందుకని నేల మీదే బోర్లా పడుకుని ఇసుకను నాలుగు రెట్లలో చూశాను. ఎర్ర ఇసుక అంటాం కానీ రేణువు ఎర్రనిది కాదు. లోపల గాజులాంటి స్ఫటికం. పైన ఇనుప తుప్పు సన్నటి పూతలా అంటుకుని ఉంది. పూత చెదిరిన చోట రేణువు పటికబెల్లం ముక్కలా మెరుస్తోంది.

వానచుక్క తగలని ఒక గోడ చూరు కింద, పొడి ఇసుకలో గరాటుల్లాంటి చిన్న గుంటలు పదీ పన్నెండు. మేనకోడలు గడ్డిపరకతో మెల్లగా గీరితే అడుగున రెండు కొడవళ్లు పైకి లేచాయి. చీమ జారి పడితే పట్టుకోవడానికి అక్కడ కూర్చున్న పురుగు దవడలు అవి. పెరిగి రెక్కలొచ్చాక అది తూనీగలాగే ఉంటుంది. నేను వంగేసరికి అది తలతో ఇసుకను విసిరింది. రెండు రేణువులు లెన్సు మీద పడ్డాయి. బూరతో ఊది శుభ్రం చేసుకునేసరికి గుంట నిశ్శబ్దమైపోయింది. ఆ ఫొటో దక్కలేదు.

ఆరుద్ర జాడ లేదు. నేల ఎండిపోయి ఉంది. పదకొండు గంటలకే ఇసుక కాలుతోంది. నీడ కోసం వెతుకుతుంటే జిల్లేడు మొక్క మీద పసుపుపచ్చ ఒంటి మీద నీలి చారలున్న మిడత కనిపించింది. జిల్లేడు ఆకులు తిని బతికే మిడత ఇది. ఎవరైనా ముట్టుకుంటే చేదు రసం చిమ్ముతుంది కాబట్టి దేనికీ భయపడదు, నిదానంగా కూర్చుని పోజు ఇస్తుంది. దాని రెక్క మొదట్లో ఎర్రటి చుక్కలు మూడు ఉన్నాయి. రంగులో భాగమే అనుకుని తీసేశాను.

రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే అవి చుక్కలు కావు. గుండుసూది తలంత కూడా లేని ఎర్రటి పూసలు. ప్రతి పూసకూ ఒక కొసన సన్నటి కాళ్లు, పక్కకు మూడేసి. ముఖాన్ని మిడత చర్మంలోకి దించి ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆరుద్ర కుటుంబపు నల్లుల పిల్లలు అవి. మంచాల్లో ఉండే నల్లులు కావు, ఇంగ్లీషులో మైట్స్ అనేవి. పురుగు అని పిలుస్తాం కానీ ఆరుద్ర నల్లుల జాతిది, సాలీడుకు దగ్గరి చుట్టం. పెద్దవాటికి కాళ్లు ఎనిమిది, పిల్లలకు మాత్రం ఆరే. ఆ ఆరు కాళ్ల వయసులో మిడతల్లాంటి వాటి ఒంటిని అంటిపెట్టుకుని వాటి రసం తాగుతాయి. నిండాక నేల మీదికి రాలి, మట్టిలోకి వెళ్లి, ఎనిమిది కాళ్లతో పెరుగుతాయి. చెదల్ని, మట్టిలోని పురుగుల గుడ్లను తిని బతుకుతాయి. మంచి వాన పడ్డప్పుడే పైకి వస్తాయి. నేల మీద రోజంతా వెతికినదాని బంధువులు మిడత రెక్క కింద కూర్చుని ఉన్నాయన్నమాట.

ఇదంతా అక్కకు చెబుతుండగానే ఉరిమింది. తరవాత గంటన్నర కుండపోత.

నాలుగో రోజు: తడి నేల

నాకు సాయంత్రం రైలు. అక్క ఆరు గంటలకే చీర కొంగు బిగించి, "నేనూ వస్తాను. వెతకడం నీకు ఎప్పుడు చేతనయింది కనుక" అంది. నిజమే, చిన్నప్పుడూ వెతికింది తనే.

దిబ్బల దగ్గర మట్టి రంగు మారిపోయింది. నిన్నటి ఇటుక రంగు ఇవాళ కుంకుమ రంగు. ఎర్ర నేల మీద ఎర్ర పురుగును ఎలా పోల్చుకోవాలో నాకు తెలియలేదు. అక్క నేల వైపు నేరుగా చూడలేదు. నాలుగడుగుల అవతల పచ్చగడ్డి మొలిచిన అంచుల వెంటే చూస్తూ నడిచింది. "రంగును చూడకు. కదిలేదాన్ని చూడు" అంది. ఇరవై నిమిషాలు గడిచాయి. జీడిమామిడి చెట్టు కింద రాలిన ఆకుల దగ్గర ఆగి, నోటి మీద వేలు పెట్టుకుని నన్ను పిలిచింది.

గోరంత ఉంది. తడి ఇసుక మీద తాపీగా నడుస్తోంది. పాలిథీన్ పరిచి బోర్లా పడుకున్నాను. మేనకోడలు డబ్బా పట్టుకుని నా తల పక్కన కూర్చుంది. లెన్సు నీడ పడగానే అది కాళ్లన్నీ ముడుచుకుని ఎర్రటి గుండీలా ఆగిపోయింది. చిన్నప్పుడు వేలితో తాకితే ఇలాగే చేసేది. మేం ముగ్గురం కదలకుండా ఉన్నాం. మూడు నిమిషాలో నాలుగో గడిచాక ముందు కాళ్లు రెండూ మెల్లగా విచ్చుకున్నాయి.

మొదటి రెండు ఫొటోలూ పాడయ్యాయి. డిజిటల్ సెన్సరుకు గాఢమైన ఎరుపు చిక్కు తెచ్చిపెడుతుంది. మిగతా రంగులు చీకట్లో ఉండగానే ఎరుపు పొంగిపోయి, నూగంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. ఫ్లాష్‌ను సగానికి తగ్గించాను. మూడో ఫొటో నుంచి నూగు విడివిడిగా తేలింది. ముఖమల్ అంటాం కదా, దగ్గర నుంచి చూస్తే నిజంగానే నేతలా ఉంది. ఒక్కో వెంట్రుకా విడిగా లేచి, కొసన చిన్న చిన్న పాయలుగా చీలి ఉన్నట్టుంది. వాటి మధ్య నిన్నటి ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుని స్ఫటికంలా మెరుస్తోంది. ఇంత బురదలో తిరిగినా ఆ నూగు తడవలేదు. సన్నటి నీటిబొట్టు దాని వీపు మీద అంటకుండా గుండ్రంగా నిలబడి ఉంది.

మొత్తం ఒళ్లు ఫ్రేములో పట్టదు. నాకు కావలసింది ముఖమే కాబట్టి మోచేతుల మీద వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా జరిగాను. అది నా వైపే వస్తోంది. ఆరు సెంటీమీటర్లు తప్పకుండా ఉండాలంటే అది ఎంత ముందుకు వస్తే నేను అంత వెనక్కి జరగాలి. అలా ఒకరినొకరం కొలుచుకుంటూ రెండు మూడడుగులు వెళ్లాం. ఒక క్షణం నూగు పక్కకు విడింది. కాడ మీద మొలిచినట్టు నల్లటి చుక్క ఒకటి, దాని పక్కన ఇంకొకటి. నొక్కాను. ఊపిరి వదిలాను. అది మళ్లీ ముడుచుకుంది.

అక్క కళ్లజోడు సరిచేసుకుని కెమెరా తెర మీద వంగింది. మేనకోడలు ఆ నల్లటి చుక్కల్ని పెద్దవి చేసి చూపించింది.

"కళ్లా ఇవి?"

"అవునక్కా."

"అగ్గిపెట్టెలో పెట్టి మూత వేసేవాళ్లం కదరా" అంది, ఇంకేమీ అనలేదు.

అది ముడుచుకున్న కాళ్లు విప్పి, ఆకు అంచు ఎక్కి, ఆ పక్కకు దిగి కనబడకుండా పోయింది. ఇంకో గంట ఉన్నాం. అక్క మరో రెండింటిని చూపించింది. వాటిని తీయలేదు, చూస్తూ కూర్చున్నాం. తరవాత మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పైపును పాలిథీన్ కవర్లో చుట్టి అక్క చేతికిచ్చాను. బస్సు వచ్చేదాకా దాన్ని కొంగు కింద పెట్టుకుని నిలబడింది.